మునులు లేచారా

పెట్టు తల్లీ, పెట్టు, ఆపకు. నేనొచ్చి కూర్చున్నానని దాని నోరు మూయించడం దేనికి? ఫోన్లో ఆవిడెవరో చక్కగా స్తోత్రం చదువుకుంటోంది, నువ్వు ఉల్లిపాయలు తరుక్కుంటున్నావు, ఎవరి పని వాళ్ళది. ఏమిటీ? ఇలా పని చేసుకుంటూ వింటే పుణ్యం వస్తుందా అనా? ఎందుకు రాదూ, వస్తుంది. ఫోనుకి వస్తుంది. పొద్దుటినుంచి అక్షరం పొల్లుపోకుండా చదువుతోంది పాపం, దానికి రాకపోతే అన్యాయం. ఉల్లిపాయకీ ఎంతోకొంత ముడుతుంది, వినేవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించింది కాబట్టి. నీ సంగతే అనుమానం. ఒక చెవి స్తోత్రం మీద, ఒక చెవి పొయ్యి మీది గిన్నె మీద, మూడో చెవి ఉంటే అది పక్కింటివాళ్ళ గొడవ మీద. నవ్వకు, వేలు తెగుతుంది. అడిగావు కాబట్టి చెప్తున్నాను, వినడం గురించి మాట్లాడే అర్హత ఈ వీధి మొత్తంలో నా ఒక్కడికే మిగిలింది. ఎందుకంటే నేను మా పరుపుల మామయ్య దగ్గర పని చేసినవాణ్ణి. పురాణం వినడంలో ఆయన్ని మించినవాడు పుట్టలేదు, పుట్టబోడు. ఒక్క వాక్యం వింటే చాలు ఆయనకి. రెండో వాక్యానికి గురక.

మామయ్యంటే మా మేనత్త మొగుడు. నువ్వు చూడలేదు, మీ అమ్మా చూడలేదు. పొడుగాటి గది ఒకటి, వీధిలోకి తెరుచుకునేది, అదే కొట్టు. ఒక గోడ పొడుగునా దూది బస్తాలు, ఇంకో గోడకి చారల గుడ్డ తానులు, మధ్యలో నేలమీద ఎప్పుడూ సగం కుట్టిన పరుపు ఒకటి. వెనకాల రెండు గదుల్లో వాళ్ళిద్దరి కాపురం. పిల్లల్లేరు. నాకు పెళ్ళయిన కొత్తలో ఏ పనీ కుదరక అక్కడ చేరాను. చేరాక కదా పరుపంటే ఏమిటో లోకానికి తెలిసింది. నేను కుట్టిన పరుపు అంచు మీద గోలీ పెట్టి వదిలితే, ఈ చివరనుంచి ఆ చివరకి దొర్లి, మూల దగ్గర మర్యాదగా మలుపు తిరిగి, నాలుగు అంచులూ చుట్టి మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి ఆగేది. నమ్మవు కదూ. గోలీ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, కావాలంటే చూపిస్తాను. పరుపే లేదు.

మామయ్య పద్ధతి ఒకటుండేది. తను పడుకుని చూడని పరుపు గడప దాటనిచ్చేవాడు కాదు. కుట్టడం అయిపోగానే దానిమీద వెల్లకిలా పడుకునేవాడు, కాసేపు ఇటు తిరిగేవాడు, కాసేపు అటు. నడుం ఎక్కడ దిగబడిందో అక్కడ సున్నపుముక్కతో గుర్తు పెట్టి, కుట్టు విప్పి, గుప్పెడు దూది కూరి, మళ్ళీ పడుకునేవాడు. నిద్ర పట్టిందా, పరుపు పాసయినట్టు. పట్టలేదా, మళ్ళీ విప్పు. అన్నేళ్ళు అదే పని చేస్తే ఒళ్ళేమవుతుంది? నిద్రకి ఎప్పుడూ తలుపు తీసే ఉంచుతుంది. ఇక ఆ గురక. ముందు సన్నగా ఒక ఈల. ఈల తర్వాత ఒక గుటక. గుటక తర్వాత కాసేపు ఏమీ ఉండదు, అక్కడే కొత్తవాళ్ళు ప్రాణం పోయిందేమోనని లేచి నిలబడేవాళ్ళు. అప్పుడు మొదలయ్యేది అసలుది. నేలమీది దూదిపింజలన్నీ గాల్లోకి లేచి, గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆయన ఊపిరి లోపలికి తీసేసరికి వెనక్కొచ్చి మీసం మీద వాలేవి. ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. గోడ గడియారం నడక సరిచూసుకోవాలంటే మా గుమ్మంలోకొచ్చి చెవి ఒగ్గేవాడు. అబద్ధం కాదు, నా ఎదురుగానే.

మా అత్తయ్య మరో రకం. చిన్నప్పటినుంచీ స్తోత్రాలు, కథలు, మాహాత్మ్యాలు, ఏది చేతికొస్తే అది చదివేది. గొంతు కంచుగంట కాదు, అలా అని సన్నమూ కాదు, కొత్త దూది చేత్తో ఎత్తినప్పుడు ఎలా ఉంటుందీ, అలా ఉండేది. పని చేసుకుంటూ నీలాగా వినడం కాదు, కాళ్ళు చేతులు కడుక్కుని, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని చదివేది. ఆవిడకి ఒక రోజు పురాణం చెప్పే పంతులుగారు తగిలారు. పరుపు కోసం వచ్చారాయన, ఏవో మాటల్లో, మీరు చదువుతుంటే విన్నాను, ఇన్నేళ్ళ పారాయణ ఫలం ఎక్కడికి పోతుందమ్మా, మీకు పైన చాలా ఎత్తున ఆసనం వేసి ఉంచి ఉంటారు అన్నారు. ఇంకొకరైతే పొంగిపోయేవాళ్ళు. అత్తయ్య మొహం మాడిపోయింది. మరి ఆయనకో అంది. మామయ్య అప్పుడు పంతులుగారి పరుపు మీదే ఉన్నాడు, పరీక్షలో, మీసం మీద దూది. పంతులుగారు అటు చూశారు, ఇటు చూశారు. చదివినవాళ్ళకి చదివిన ఫలం, విన్నవాళ్ళకి విన్న ఫలం, మరి వినాలి కదమ్మా అన్నారు.

అంతే, ఆ రోజునుంచీ అత్తయ్యకి బెంగ పట్టుకుంది. నవ్వులాట అనుకునేవు, కాదు. నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది. ఒరేయ్, నేనొక్కదాన్నీ అంత ఎత్తున కూర్చుని ఏం చేసుకోనురా, ఈయన కింద ఎక్కడో ఉంటాడు, పిలిచినా వినపడదు, మంచినీళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలీదు ఈయనకి, అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్నం సరిగ్గా తినడం మానేసింది. చివరికి పంతులుగారే ఒక దారి చెప్పారు. ఒక చిన్న పుస్తకం ఇచ్చారు, ఏదో మాహాత్మ్యం, నీ ఫోనంత మందం ఉంటుందేమో. దీన్ని ఒకళ్ళు చదవాలి, ఒకళ్ళు వినాలి, మొదటినుంచి చివరి ఫలశ్రుతి దాకా ఒక్క కూర్చోవడంలో అయిపోవాలి. అలా ఒక్కసారి పూర్తయితే చదివినవాళ్ళనీ విన్నవాళ్ళనీ పక్కపక్కనే కూర్చోబెడతారు, ఎవరి పాత లెక్కలూ చూడరు. మధ్యలో ఆగినా, వినేవాళ్ళు కునుకు తీసినా, మళ్ళీ మొదటినుంచీ. ఇదీ షరతు.

ఓస్ ఇంతేనా అనుకుంది అత్తయ్య. ఆ సాయంత్రం కొట్టు తలుపులు దగ్గరకి వేసి, మామయ్యని పరుపు మీద కూర్చోబెట్టి, పుస్తకం తెరిచింది. మొదట్లో ఏముంటుందంటే, ఒక పెద్ద అడవి, అడవిలో మునులందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు, మధ్యలో కథ చెప్పే పెద్దమునిని చేతులు జోడించి అడిగారు, స్వామీ, తరించే మార్గమేమిటో మాకు సెలవియ్యండి అని. అప్పుడా పెద్దముని చిరునవ్వు నవ్వి... ఈల. గుటక. అత్తయ్య పుస్తకం మూసేసింది. మర్నాడు మళ్ళీ అడవి, మళ్ళీ మునులు, మళ్ళీ చేతులు జోడించారు, పెద్దముని చిరునవ్వు నవ్వాడు. ఈల, గుటక. ఆ మర్నాడూ అంతే. ఏళ్ళు, తల్లీ, ఏళ్ళు! ఆ మునులు పాపం అలా చేతులు జోడించుకుని కూర్చునే ఉన్నారు, ఆ పెద్దాయన అలా నవ్వుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క చెప్పలేదు. మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆ మొదటి భాగం నోటికొచ్చేసింది, తర్వాత ఏమయిందో ఒక్కడికీ తెలీదు. గడియారాలాయన రోజూ పొద్దున్నే కొట్టు తెరుస్తూ అటునుంచి కేకేసేవాడు, ఏమండీ, మునులు లేచారా అని. మామయ్య ఇటునుంచి, లేదండీ, ఇంకా నవ్వుతున్నాడాయన, అనేవాడు, సిగ్గనేది లేకుండా.

అత్తయ్య ఊరుకునే మనిషా? పరుపు తీసేసి చెక్క ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. నిటారుగా కూర్చుని నిద్రపోయాడు, గురక ఇంకా తిన్నగా వచ్చింది. గోడ పక్కన నిలబెట్టింది. నిలబడి నిద్రపోయాడు, దూది బస్తా అనుకుని ఒకాయన ఆయన మీద గొడుగు ఆనించి పోయాడు. చివరికి నేనో ఉపాయం చెప్పాను, ఇలాంటివి నాకే తడతాయి, చేతిలో సూది పెట్టు అత్తయ్యా, పని చేస్తూ ఉంటే నిద్ర ఎక్కడ పడుతుంది అన్నాను. వంకర సూది ఇచ్చి అంచు కుట్టమంది. మునులొచ్చారు, కూర్చున్నారు, మామయ్య కుడుతూనే ఉన్నాడు, చెయ్యి ఆడుతూనే ఉంది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. గురక వినిపించాక కూడా చెయ్యి ఆడుతూనే ఉంది, అదీ విశేషం. నిద్రలో కుట్టాడు. ఆ కుట్టు ఎంత తిన్నగా ఉందంటే నా కుట్టుతో పోల్చదగ్గది ప్రపంచంలో అదొక్కటే. కాకపోతే చొక్కా అంచు కూడా కలిపి కుట్టేసుకున్నాడు. పొద్దున్నే ఖాతాదారు వచ్చి పరుపేదండీ అంటే ఈయన లేచి నిలబడ్డాడు, పరుపు కూడా ఈయనతోపాటు లేచి నిలబడింది.

అలా అని ఎప్పుడూ మెలకువగా లేడనుకోకు. ఒకటి రెండుసార్లు ఉన్నాడు, అది ఇంకా కష్టం. మునులు వచ్చి కూర్చున్నారు అనగానే, ఆగు, దేనిమీద కూర్చున్నారు అనేవాడు. దర్భల మీద అనేది అత్తయ్య. దర్భలు పలచగా పరిచారా, దట్టంగానా? అన్నేళ్ళు తపస్సంటే మాటలా, నడుం పట్టెయ్యదూ? అంచుకి కుట్టు లేకపోతే ఆ గడ్డి జారి పక్కకి పోతుంది కదా? ఆ పెద్దముని నవ్వుతున్నాడంటే ఆయనకి మెత్తటిది వేసి ఉంటారు, మిగిలినవాళ్ళ సంగతి కనుక్కో. మాటల్లో పడితే పారాయణ ఆగిపోయినట్టే కదా, పుస్తకం మూత. అత్తయ్యకి ఒళ్ళు మండింది ఒకరోజు. మీరు నాతో రావాలని లేదా అసలు, చెప్పండి, ఇవాళ తేల్చెయ్యండి అంది. గట్టిగా కాదు, మెల్లిగా అంది, అది ఇంకా భయం. మామయ్య చాలాసేపు మీసం మీది దూది తీసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? "నువ్వు చదవడం మొదలెట్టగానే నాకింక ఈ లోకంలో చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదనిపిస్తుంది. కళ్ళు అవే మూసుకుపోతాయి. అందరికీ చచ్చాక వచ్చేది నాకు రెండో వాక్యానికే వచ్చేస్తోంది, నేనేం చెయ్యను?" అన్నాడు. అత్తయ్య తిట్టాలో నవ్వాలో తెలీక వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దింది. పంతులుగారికి చెప్తే ఆయన నవ్వేశారు. షరతు మటుకు షరతే అన్నారు.

ఉండు, పొయ్యి తగ్గించు, మాడు వాసనొస్తోంది. చూశావా, నా ముక్కు ఇంకా గడియారంలా పనిచేస్తుంది. ఎక్కడున్నాం?

ఆఁ. మామయ్యకి దగ్గు పట్టుకుంది. అన్నేళ్ళ దూది లోపల పేరుకుంటే ఇంకేమవుతుంది. డాక్టరు వచ్చి విని, ఇంక పనిలో దిగకూడదన్నాడు, బయటికొచ్చి నాతో ఇంకో మాట కూడా అన్నాడు, అది అత్తయ్యకి చెప్పలేదు, ఆవిడ నా మొహంలో చదివేసుకుంది. కొట్లోనే వీధి కనపడేలా మంచం వేయించుకున్నాడు. దానిమీదికి పరుపు నేను కుట్టాను. అలాంటి పరుపు రాజులు కూడా ఎరగరు. పడుకుని ఇటు తిరిగి అటు తిరిగి, బాగుందిరా అన్నాడు, ఆయన నోటినుంచి ఆ మాట అదొక్కసారే. కానీ నిద్ర పట్టలేదు. దగ్గు నిద్రని తినేసింది. అంత నిద్రపోయిన మనిషికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. సాయంత్రం అత్తయ్య అలవాటు కొద్దీ పుస్తకం తెరిచింది. అడవి, మునులు, పెద్దముని చిరునవ్వు నవ్వాడు. అత్తయ్య అలవాటు కొద్దీ ఆగింది, ఈల కోసం. ఈల రాలేదు. మామయ్య కళ్ళు తెరుచుకుని చూస్తున్నాడు. ఊఁ, తర్వాత, అన్నాడు.

తర్వాత కాగితం ఆవిడ చేత్తో ఎప్పుడూ తిప్పలేదు కదా, అంటుకుపోయిన మూలని గోటితో విడదీసింది. తిప్పింది. పెద్దముని నోరు విప్పాడు! కథ మొదలయింది తల్లీ. నేను సూది కింద పెట్టేశాను. గడియారాలాయన ఆ గొంతులో తేడా కనిపెట్టి రోడ్డు దాటి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు, ఆయన వెనకాల ఇంకెవరెవరో. ఆ కథ ఏమిటంటే, ఒకడు దారి తప్పి... పోనీలే, కథ ఇప్పుడు కాదు. మామయ్య ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అత్తయ్య గొంతు ఎప్పుడూ లేనంత నిండుగా ఉంది, ఇన్నేళ్ళ కోరిక కదా, ఒక్కో కాగితం తిరుగుతుంటే ఆవిడ మొహంలో పదేళ్ళు తగ్గుతున్నాయి. అలా అలా చివరి కాగితం దగ్గరికొచ్చింది. అదొక్కటే మిగిలింది, ఫలశ్రుతి. ఎవరు విన్నా ఎవరు చదివినా అని మొదలవుతుందే, అది. అత్తయ్య చూపుడువేలు దానికింద పెట్టి, మంచినీళ్ళు ఒక గుక్క తాగింది.

నేను మామయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాను, అందుకని నాకు కనపడింది, మెట్టు మీదివాళ్ళకి కనపడలేదు. మామయ్య ఆ మిగిలిన ఒక్క కాగితం వైపు చూశాడు. తర్వాత అత్తయ్య మొహం చూశాడు, తీరిగ్గా. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఈల.

ఆ గురక దొంగది తల్లీ. ఆయన గురక నాకు తెలీదా? వంద గురకలు కలిపి వినిపించు, కళ్ళకి గంతలు కట్టు, ఆయనది ఏదో చెప్పేస్తాను. ఇందులో ఈల వచ్చింది కానీ గుటక లేదు. నిశ్శబ్దం రావలసిన చోట దగ్గు ఆపుకుంటున్నాడు. పైగా కాలి బొటనవేలు కదులుతోంది. చిన్నపిల్లలు ఇంతకన్నా బాగా నటిస్తారు. నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య ఆయన్ని చూస్తోంది. కాసేపటికి వేలు తీసేసి, పుస్తకం మూసేసి, కళ్ళకద్దుకుంది. మెట్టు మీదినుంచి గడియారాలాయన పాపం ఏడ్చినంత పని చేశాడు, అయ్యో, ఒక్క కాగితమే కదమ్మా, లేపండి ఆయన్ని, అని. అత్తయ్య, ఆయన నిద్రపోయారండీ, రేపు మళ్ళీ మొదటినుంచీ చదువుకుంటాం, అంది. అంత మెత్తగా అంది.

రేపూ అంతే. ఎల్లుండీ అంతే. అడవి, మునులు, కథ మొత్తం, చివరి కాగితం దగ్గరికి రాగానే దొంగ గురక. ఆవిడ లేనప్పుడు నేను అడిగేశాను, మామయ్యా, ఆ గురక మీది కాదు, ఎక్కడ అరువు తెచ్చారు, ఆవిడ ఇన్నేళ్ళు పడ్డ కష్టం గట్టెక్కే వేళ ఇదేం పని, అని. ఆయన దగ్గి దగ్గి, నవ్వి, "అయిపోతే రేపు సాయంత్రం మీ అత్తయ్యని ఏం చెయ్యమంటావురా?" అన్నాడు. నేనెంత మాటకారినో నీకు తెలుసు కదా. ఆ రోజు మటుకు సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను, ఎక్కలేదు.

అలాగే ఆ చివరి కాగితం మిగిలిపోయింది, మామయ్య వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పూట, నిజం నిద్రలోనే, నేను కుట్టిన పరుపు మీద. ఈలా లేదు, గుటకా లేదు. నాకు అత్తయ్య గురించే భయం. అన్నేళ్ళు ఆ ఒక్కదాని కోసం కూర్చున్న మనిషి, అది తీరకుండానే ఆయన పోయాడు, ఇప్పుడు పిచ్చెత్తిపోతుందేమో అనుకున్నాను. పంతులుగారూ అదే అనుకున్నారు. కొన్నాళ్ళాగి వచ్చారు, చాలా వృద్ధులైపోయారప్పటికి, అమ్మా, ఆయన అంతదాకా విన్నారు, ఈ ఒక్క కాగితం మీరు చదివెయ్యండి, నేను పక్కన కూర్చుంటాను, పారాయణ పూర్తయినట్టే నేను సంకల్పం చెప్తాను, మీ ఫలమన్నా మీకు దక్కనీయండి, అని బతిమాలారు. అత్తయ్య పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది. "ఆయన ఎక్కడిదాకా విన్నారో నేనూ అక్కడిదాకే పంతులుగారూ. ఇది చదివేస్తే నేనొక మెట్టు పైన కూర్చోవాలి. ఇన్నేళ్ళూ నేను భయపడి చచ్చింది దానికే కదండీ" అంది. పంతులుగారు ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు, మంచినీళ్ళడిగి తాగారు, పుస్తకం అక్కడే పీట మీద పెట్టేసి వెళ్ళిపోయారు.

నేనుండబట్టలేక అడిగాను, అత్తయ్యా, అది దొంగ గురకని నీకు తెలీదా అని. నావైపు ఎలా చూసిందనుకున్నావు, అంత తెలివితక్కువవాణ్ణి జన్మలో చూడనట్టు చూసింది. నా అంతటివాణ్ణి. పారాయణ ఆపుకుని మరీ విన్నదాన్నిరా ఆ గురకని, ఇన్నేళ్ళు, మొదటినుంచీ చివరిదాకా, ఒక్కరోజు కునుకు తియ్యలేదు, నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, అంది. తర్వాత కూడా ఆవిడ రోజూ సాయంత్రం ఆ మంచం పక్కన పుస్తకం తెరుచుకుని కూర్చునేది. పెద్దముని చిరునవ్వు నవ్వాడు దాకా చదివి, అక్కడ ఆగి, కాసేపు ఊరికే చెవి ఒగ్గి ఉండేది. గడియారాలాయన రోడ్డవతల కొట్లో పని ఆపేసేవాడు, అదయ్యేదాకా. మునులు లేచారా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఏమిటి, తరగడం ఆపేశావేం? ఉల్లిపాయలా? ఆఁ, ఉల్లిపాయలే అయుంటాయి, నాకూ కళ్ళు మండుతున్నాయి. ఇంతకీ మీ ఫోనావిడ ఎక్కడికొచ్చింది, కాస్త పెంచు చూద్దాం. ఎవరు విన్నా ఎవరు చదివినా... చివరికొచ్చేసిందే. ఆపు, ఆపు తల్లీ. నాకెందుకో కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ దిండు ఇటు పడెయ్. రేపు మళ్ళీ మొదటినుంచీ పెట్టు.